పాలలో నీలిరంగు ఎంతసేపు నిలుస్తుంది?

వేసవి ముదిరిందంటే పాడి రైతుకు ఒకటే దిగులు. వేకువన పితికి పోసిన పాలు శీతలీకరణ కేంద్రం చేరేసరికి 'పులిశాయి' అన్న మాటతో క్యాను వెనక్కి వస్తుంది. ఐరాల, పూతలపట్టు, తవణంపల్లె మండలాల్లోనూ, కాణిపాకం చుట్టుపక్కల పల్లెల్లోనూ వాన తప్పి చెనిక్కాయ పోయిన ఏడు చాలా ఇళ్ళు గడిచేది రెండు జెర్సీ ఆవుల మీదే. తవుడు, చెక్క, పచ్చిమేత, కూలి ఖర్చు అంతా ఆ క్యానులోనే ఉంటుంది. అది వెనక్కి వచ్చిన రోజు తప్పు ఎవరిదన్న తగవు మొదలవుతుంది. 'నా పాలు బాగానే ఉన్నాయి, పక్కవాడివే చెడ్డవి' అని పోసినవాడు అంటాడు. పక్కవాడూ అదే మాట అంటాడు. వెన్నశాతం చూపే యంత్రం ఈ తగవు తీర్చలేదు. అది పాలలో ఉన్న వెన్న సంగతి చెబుతుంది గానీ, పాలలో బతుకుతున్న సూక్ష్మజీవుల సంగతి చెప్పదు.

ఆ సంగతి చెప్పే పాత పరీక్ష ఒకటుంది. దానికి పెద్ద యంత్రమేమీ అక్కర్లేదు. ఒక గాజు గొట్టం, కాస్త నీలిరంగు, గోరువెచ్చని నీళ్ళ తొట్టి, గడియారం ఉంటే చాలు. ఆ రంగు పేరు మిథిలీన్ బ్లూ. మరిగించి శుభ్రం చేసిన గొట్టంలో 10 మిల్లీలీటర్ల పాలు పోసి, తగిన పాళ్ళలో తయారుచేసిన రంగు నీళ్ళు 1 మిల్లీలీటరు కలిపి, మూత బిగించి, 37 డిగ్రీల వేడి ఉన్న నీళ్ళలో నిలబెడతారు. పాలు లేత నీలంగా మారతాయి. ఆ నీలం ఎంతసేపటికి పోయి పాలు మళ్ళీ తెల్లబడతాయో చూడడమే పరీక్ష. మన దేశపు ప్రమాణాల ప్రకారం 5 గంటలు, ఆపైన నిలిస్తే చాలా మంచి పాలు. 3, 4 గంటలు నిలిస్తే మంచివి. గంట, రెండు గంటలైతే ఒక మోస్తరు. అరగంటలోపే తెల్లబడితే నాసిరకం.

ఇంతవరకు పాల కేంద్రంలో పనిచేసిన వాళ్ళకు తెలిసిందే. అసలు ఆ రంగు ఎక్కడికి పోతుంది? దాన్ని పోగొట్టేది ఎవరు? ఇది తెలుసుకుంటే పాలు ఎందుకు పులుస్తాయో, చల్లబరిస్తే ఎందుకు నిలుస్తాయో, ఎక్కడ జాగ్రత్తపడాలో కూడా తెలుస్తుంది.

ముందుగా ఒక చిన్న విషయం గమనించండి. తెల్లబడిన గొట్టాన్ని గట్టిగా ఊపితే నీలం తిరిగి వస్తుంది! అంటే రంగును ఎవరూ తినెయ్యలేదు, పాడుచెయ్యలేదు. పాలలోని సూక్ష్మజీవులు దాని చేతిలో ఎలక్ట్రాన్లు పెట్టాయి, అది రంగు పోగొట్టుకుంది. మనం ఊపినప్పుడు గాలిలోని ఆక్సిజన్ వచ్చి ఆ ఎలక్ట్రాన్లను తీసేసుకుంది, రంగు తిరిగి వచ్చింది. అందుకే పరీక్ష చేసేటప్పుడు గొట్టాన్ని ఊపకూడదని, మెల్లగా ఒకసారి తలకిందులు చేసి నిలబెట్టాలని చెబుతారు.

నీళ్ళు పారే మాగాణి లెక్క

సూక్ష్మజీవికి ఎలక్ట్రాన్లను వదిలించుకోవలసిన అవసరం ఏమొచ్చింది? మనం అన్నం తిని గాలి పీల్చేది ఎందుకో అదీ అందుకే ఆ పని చేస్తుంది. తిన్న చక్కెరను విరగ్గొడితే ఎలక్ట్రాన్లు బయటపడతాయి. వాటిని చివరకు ఎవరో ఒకరు పుచ్చుకోవాలి. గాలి దొరికినప్పుడు ఆ పుచ్చుకునేది ఆక్సిజన్. పాలలో కరిగి ఉన్న కాస్త ఆక్సిజన్ అయిపోగానే ఆ వంతు నీలిరంగుకు వస్తుంది. కాబట్టి రంగు పోయే వేగం అంటే పాలలోని సూక్ష్మజీవులన్నీ కలిసి ఊపిరి పీల్చే వేగం అనుకోవచ్చు.

ఈ ఎలక్ట్రాన్లను చేతులు మార్చే ఎంజైములు చాలావరకు సూక్ష్మజీవి ఒంటి చుట్టూ ఉన్న పొరలో ఇమిడి ఉంటాయి. ఆ పొర ఎంత పలచనంటే, ఒక మిల్లీమీటరును లక్ష భాగాలు చేస్తే అందులో ఒక భాగం కంటే పలచన. అంత పలచని పొరలో జరిగే పని ఏమిటో చెప్పుకోవాలంటే మనకు తెలిసిన నీటి పని సాయం తెచ్చుకోవడమే మేలు. కాణి అంటే మాగాణి, పాకం అంటే అందులోకి నీళ్ళు పారడం అని కాణిపాకం పేరుకు అర్థం చెబుతారు గదా, ఆ ఊరి చుట్టుపక్కల వాళ్ళకు నీళ్ళ లెక్క వేరే నేర్పనక్కర్లేదు.

ఒక చెరువు ఉందనుకోండి. కట్టకు ఇవతల పల్లం. ఆ పల్లంలోని నీళ్ళను మోటార్లు పెట్టి తోడి కట్ట మీదుగా చెరువులోకి పోస్తున్నారు. చెరువు నిండేకొద్దీ ఆ నీళ్ళకు తిరిగి పల్లానికి రావాలన్న ఒత్తిడి పెరుగుతుంది. కట్టకు ఒకే ఒక తూము ఉంది, ఆ తూములో ఒక చక్రం బిగించారు. నీళ్ళు తూములోంచి దూకేటప్పుడు చక్రం తిరుగుతుంది, దానికి తగిలించిన పిండిమర ఆడుతుంది.

సూక్ష్మజీవి పొరే ఆ కట్ట. ఎలక్ట్రాన్లను చేతులు మార్చే ఎంజైములే మోటార్లు. అవి తోడిపోసేది నీళ్ళను కాదు, ఉదజని అయాన్లను. వీటినే ప్రోటాన్లంటారు. నేల పరీక్ష కాగితం మీద ఉదజని సూచిక అని అంకె వేస్తారే, అది వీటి లెక్కే. ప్రోటాన్లు ఎక్కువైతే పులుపు, తక్కువైతే చౌడు గుణం. అలా బయటకు తోడిన ప్రోటాన్లు తిరిగి లోపలికి వచ్చే తూములో ఉన్న చక్రం పేరు ఏ.టి.పి. సింథేజ్. అది ఆడించే పిండిమరలో తయారయ్యే పిండే ఏ.టి.పి. సూక్ష్మజీవికి ఎదగడానికి, రెండుగా చీలడానికి, ప్రతి పనికీ ఖర్చయ్యే రొక్కం అదే. ఆవుకూ, మనిషికీ, చెనిక్కాయ మొక్కకూ కూడా రొక్కం అదే. మనం వేసే డి.ఎ.పి. లోని భాస్వరంలో కొంత చేరేది మొక్కలోని ఈ ఏ.టి.పి. లోకే.

పొరకు ఇవతలా అవతలా ఉండే తేడా చూడబోతే వోల్టులో ఆరో వంతో, అయిదో వంతో. టార్చిలైటు సెల్లులో పదో వంతు కంటే కాస్త ఎక్కువ. ఇంతేనా అనిపిస్తుంది. కానీ పొర మందం తలచుకుంటే అది మీటరుకు కోటి వోల్టుల పైమాటే.

ఈ మాట మొదట 1961లో చెప్పినవాడు ఇంగ్లాండుకు చెందిన పీటర్ మిచెల్. అంతకు ముందు ఆయన బ్యాక్టీరియా తన పొర గుండా ఫాస్ఫేటును లోపలికి ఎలా తెచ్చుకుంటుందో పరిశోధించినవాడు. అప్పటి పెద్ద శాస్త్రవేత్తలు ఆయన మాట నమ్మలేదు. ఆహారం నుంచి ఏ.టి.పి. కి శక్తిని మోసుకుపోయే ఏదో రసాయనం ఉండాలని వాళ్ళు ఏళ్ళ తరబడి వెతికారు. అది దొరకలేదు, ఎందుకంటే అలాంటిది లేదు. ఉన్నది కట్టకు అటూ ఇటూ నీటిమట్టంలో తేడా మాత్రమే. 1978లో మిచెల్‌కు నోబెల్ బహుమతి వచ్చింది. ఆయనా, ఆయనతో పనిచేసిన జెన్నిఫర్ మోయల్ అనే ఆమే చేసిన ప్రయోగం వింటే మన ఉదజని సూచిక మీటరు ఎంత పని చెయ్యగలదో తెలుస్తుంది. ఆక్సిజన్ లేని ద్రవంలో మొదట మైటోకాండ్రియాలను ఉంచారు. ఇవి మన కణాల్లో ఉండే శక్తి తిత్తులు, ఒకప్పటి బ్యాక్టీరియా సంతతే. ద్రవంలో మీటరు ముంచి చిటికెడు ఆక్సిజన్ ఇచ్చారు. ఇచ్చిన వెంటనే బయటి ద్రవం పుల్లబడింది. అంటే మోటారు ఆడింది, ప్రోటాన్లు బయటకు వచ్చిపడ్డాయి. కాసేపటికి ఆ పులుపు మెల్లగా తగ్గింది, అంటే అవి తిరిగి లోపలికి పోయాయి. తర్వాత బ్యాక్టీరియాతోనూ ఇదే చేసి చూశారు.

భీమవరం బిడ్డ కనిపెట్టిన నీలం

మోటారు ఆడడం కొలవడం ఒక ఎత్తు. దానికి ఆక్సిజన్ ఎంత ఖర్చయిందో చూస్తే సరిపోతుంది. 1950ల్లో అమెరికాలో లేలాండ్ క్లార్క్ తయారుచేసిన ఆక్సిజన్ ఎలక్ట్రోడు ఆ పని చేస్తుంది. చక్రం ఎంత పిండి ఆడిందో కొలవడం ఇంకొక ఎత్తు. ఇక్కడే మన తెలుగువాడి పేరు వస్తుంది.

1895లో భీమవరంలో పుట్టిన ఎల్లాప్రగడ సుబ్బారావు అమెరికాలో హార్వర్డ్ వైద్య కళాశాలలో సైరస్ ఫిస్క్‌తో కలిసి పనిచేశారు. వాళ్ళిద్దరూ 1925లో భాస్వరాన్ని రంగుతో కొలిచే పద్ధతి ప్రకటించారు. ఫాస్ఫేటు ఉన్న ద్రవానికి ఆమ్లం, అమ్మోనియం మాలిబ్డేటు చేర్చి, ఆపైన మరో మందు వేస్తే నీలిరంగు తేలుతుంది. ఫాస్ఫేటు ఎంత ఎక్కువ ఉంటే నీలం అంత చిక్కన. ఆ చిక్కదనాన్ని రంగు కొలిచే పరికరంలో చూసి లెక్క కడతారు. అప్పటినుంచి ఫిస్క్-సుబ్బారావు పద్ధతి అనే మాట ప్రపంచమంతా ప్రయోగశాలల్లో నిలిచిపోయింది. నేల పరీక్షా కేంద్రంలో మీ పొలంలో భాస్వరం 'తక్కువ', 'మధ్యస్థం' అని రాసేముందు గాజు గొట్టంలో తేలే నీలం కూడా ఈ కుటుంబంలోదే. మందులు కొంత మారాయి గానీ రంగు అదే.

ఆ పద్ధతి చేతిలో ఉండబట్టే వాళ్ళకు కండరంలో కొత్త భాస్వర పదార్థాలు దొరికాయి. 1927లో ఫాస్ఫోక్రియాటిన్, 1929లో ఏ.టి.పి. అదే 1929లో జర్మనీలో కార్ల్ లోమన్ కూడా ఏ.టి.పి. ని విడిగా కనిపెట్టారు. తర్వాత సుబ్బారావు గారు లెడర్లీ కంపెనీలో చేరి ఫోలిక్ ఆమ్లం మీద, కాన్సరు మందుల మీద, బోదకాలు మందు మీద పనిచేయించారు. ఆయన ఆధ్వర్యంలోనే ఆరియోమైసిన్ బయటికొచ్చింది. 1948లో చనిపోయారు. మన ప్రభుత్వం 1995లో ఆయన పేర తపాలా బిళ్ళ వేసింది. మందుల పేర్లు చెప్పి ఆయన్ను తలచుకునేవాళ్ళు చాలామందే ఉన్నారు. నా మటుకు నాకు ఆ నీలిరంగే పెద్ద పని అనిపిస్తుంది. కొలత లేకపోతే మిగిలినవి ఎక్కడినుంచి వస్తాయి?

ఆ నీలంతో బ్యాక్టీరియా చక్రాన్ని ఎలా కొలుస్తారో చూద్దాం. బ్యాక్టీరియాను పెంచి, బాగా కడిగి, గట్టి ఒత్తిడితో గానీ శబ్ద తరంగాలతో గానీ పగలగొడతారు. పగిలిన పొర ముక్కలు ఊరుకోవు. అంచులు కలుపుకుని చిన్న చిన్న తిత్తులుగా మూసుకుంటాయి. తమాషా ఏమిటంటే, వాటిలో చాలా తిత్తులు చొక్కా తిరగేసి తొడుక్కున్నట్టు లోపలిది బయటికి వచ్చేలా మూసుకుంటాయి. అలా పిండిమర బయటి పక్కకు తిరిగి మనకు అందుబాటులోకి వస్తుంది. వేగంగా తిప్పే యంత్రంలో వేసి తిత్తులను అడుక్కు దించి వేరుచేస్తారు.

ఈ తిత్తులకు ఏ.టి.పి. ని అందిస్తే చక్రం వెనక్కి తిరుగుతుంది. అంటే తూములోంచి నీళ్ళు రాక చక్రం ఆడడం కాదు, మనమే చక్రాన్ని తిప్పి నీళ్ళను కట్ట పైకి తోడించడం అన్నమాట. అలా తిరిగినప్పుడు ఏ.టి.పి. విరిగి ఫాస్ఫేటు విడిపోతుంది. లెక్కపెట్టిన నిమిషాలు కాగానే ఆమ్లం పోసి పని ఆపేస్తారు. ఇప్పుడు సుబ్బారావు గారి నీలం తేలుస్తారు. ఏ.టి.పి. లో ఇరుక్కుని ఉన్న ఫాస్ఫేటును ఆ రంగు పట్టించుకోదు, విడిపోయినదాన్నే పట్టుకుంటుంది. అక్కడే దాని గొప్ప. ఎకరాకు ఎన్ని బస్తాలు అని మనం దిగుబడి చెప్పుకున్నట్టు, ఒక మిల్లీగ్రాము పొర ప్రోటీను ఒక నిమిషంలో ఎంత ఫాస్ఫేటు విడగొట్టిందో చెబుతారు.

అయితే ఏ.టి.పి. ని విరగ్గొట్టే ఎంజైములు ఇంకా ఉన్నాయి. వాటి పనిని ఈ చక్రం ఖాతాలో వేస్తే దిగుబడి దొంగలెక్క అవుతుంది. అందుకని పక్కన ఇంకొక గొట్టంలో చక్రాన్ని బిగదీసే డి.సి.సి.డి. అనే మందు వేసి అదే కొలత మళ్ళీ తీస్తారు. రెండింటి తేడాయే చక్రం పని. ఎరువు వేసిన మడి పక్కన ఎరువు వెయ్యని మడి ఉంచి చూస్తామే, అదే పద్ధతి.

చక్రాన్ని ముందుకు తిప్పి, తయారైన ఏ.టి.పి. ని నేరుగా లెక్కపెట్టాలంటే మిణుగురు పురుగు కావాలి! 1947లో అమెరికాలో విలియం మెకెల్‌రాయ్ మిణుగురు వెలుగుకు ఏ.టి.పి. కావాలని చూపించారు. మిణుగురు ఎంజైమును గొట్టంలో ఉంచితే ఏ.టి.పి. ఎంత ఉంటే అంత వెలుగు వస్తుంది. ఇది ప్రయోగశాల ముచ్చట మాత్రమే కాదు. ఇప్పుడు పెద్ద డెయిరీలలో కడిగిన క్యాను, గొట్టం లోపలి గోడను దూదిపుల్లతో తుడిచి, చేతిలో పట్టేంత మీటరులో పెట్టి, వెలుగు అంకె చూసి శుభ్రమైందో లేదో అక్కడికక్కడే చెప్పేస్తున్నారు. కంటికి తళతళలాడే క్యాను కూడా ఆ మీటరులో పట్టుబడుతుంది.

చక్రం నిజంగా తిరుగుతుందా?

చక్రం అన్నది మాట వరసకు అన్నది కాదు. అది నిజంగానే తిరుగుతుంది. అమెరికాకు చెందిన పాల్ బోయర్ అది తిరగాలని లెక్కలతో వాదించారు. ఇంగ్లాండులో జాన్ వాకర్ బృందం 1994లో ఆవు గుండె కండ నుంచి తీసిన ఎంజైము రూపం చూపించింది. 1997లో ఇద్దరూ నోబెల్ పంచుకున్నారు. అదే ఏడాది జపాను వాళ్ళు వేడినీటి బుగ్గల్లో బతికే ఒక బ్యాక్టీరియా నుంచి తీసిన చక్రాన్ని గాజు పలక మీద అంటించి, ఇరుసుకు మెరిసే సన్నని పోగు ఒకటి కట్టి, ఏ.టి.పి. అందించి, సూక్ష్మదర్శినిలో చూశారు. పోగు గడియారం ముల్లుకు ఎదురు దిశలో గిరగిర తిరిగింది. పోగు బరువు లేకుండా చూస్తే సెకనుకు వంద చుట్లకు పైగా తిరుగుతుందని ఆ తర్వాత తేలింది. చుట్టుకు మూడు ఏ.టి.పి. లు. మన పేగుల్లోనూ, పేడలోనూ, కడగని పొదుగు మీదా ఉండే ఇ.కోలి బ్యాక్టీరియా చక్రానికి 10 పళ్ళు ఉంటాయి. అంటే 10 ప్రోటాన్లు దిగితే ఒక చుట్టు, మూడు ఏ.టి.పి. లు.

దీన్ని కొలవగలగడం వల్ల ఒక మందే వచ్చింది. పాత మందులకు లొంగని క్షయకు ఇచ్చే బెడాక్విలిన్ ఆ క్షయ సూక్ష్మజీవి చక్రంలో పుల్ల అడ్డం పెడుతుంది. మన కణాల్లోని చక్రం మీద దాని పట్టు చాలా తక్కువ. 2012 డిసెంబరులో అమెరికా దానికి అనుమతి ఇచ్చింది. మన దేశంలోనూ ప్రభుత్వ క్షయ నివారణ కార్యక్రమంలో వాడుతున్నారు. క్షయ సోకిన పశువు పచ్చిపాల ద్వారా మనిషికీ అది రావచ్చు, కాబట్టి కాచకుండా పాలు తాగవద్దు.

పులుపు ఎక్కడినుంచి వస్తుంది?

ఇక పాల క్యాను దగ్గరికి వద్దాం. పాలను పులియబెట్టే లాక్టిక్ బ్యాక్టీరియా దారి కొంచెం వేరు. వాటికి పాల చక్కెరను విరగ్గొట్టడంలోనే ఏ.టి.పి. దొరుకుతుంది. ఆ పనిలో పుట్టే చెత్త లాక్టిక్ ఆమ్లం. ఆమ్లం పెరిగేకొద్దీ ప్రోటాన్లు ఒంట్లో పేరుకుంటాయి, వాటిని బయటికి నెట్టాలి. అందుకని ఇవి చక్రాన్ని వెనక్కి తిప్పుతాయి. సంపాదించిన ఏ.టి.పి. లో కొంత ఖర్చుపెట్టి ప్రోటాన్లను బయటికి తోడుకుంటాయి. వానకు నిండిన బావిలో మోటారు పెట్టి నీళ్ళు ఎత్తిపోసినట్టు. బయట పులుపు పెరిగి ఉదజని సూచిక 4.6 దగ్గరికి దిగేసరికి పాలలోని కేసీన్ గడ్డకడుతుంది. మనం తోడు వేసినప్పుడు జరిగేదీ, క్యానులో మనకు ఇష్టం లేకుండా జరిగేదీ ఒకటే పని.

ఇందులో ఇంకో సంగతి ఉంది. లాక్టిక్ ఆమ్లం బాగా పెరిగిన చోట చాలా రకాల వేరే సూక్ష్మజీవులు ఎదగలేవు. ఆమ్లం పొర దాటి లోపలికి దూరి అక్కడ ప్రోటానును వదులుతుంది. దాన్ని బయటికి తోడడానికే ఆ జీవి రొక్కమంతా అయిపోతుంది. ఎదగడానికి చేతిలో చిల్లిగవ్వ మిగలదు. పెరుగు పాలకంటే ఎక్కువ నిలవడానికీ, గాలి చొరకుండా తొక్కి మూసిన పాతరగడ్డి నెలల తరబడి కుళ్ళకుండా ఉండడానికీ కారణం ఇదే. పాతరలో గాలి చొరబడితే మాత్రం కథ మారుతుంది. ఊపిరి పీల్చే బూజులు ఆ ఆమ్లాన్నే తినేస్తాయి, గడ్డి నల్లబడుతుంది.

రైతు చేతిలో ఉన్నది

పితికిన పాలు ఆవు ఒంటి వేడితోనే ఉంటాయి. సూక్ష్మజీవుల మోటార్లకూ చక్రాలకూ అది ఎంతో ఇష్టమైన వేడి. అరగంటకు ఒకసారి రెండింతలవుతాయనుకుంటే నాలుగు గంటల్లో ఒకటి 256 అవుతుంది. ఇరవై నిమిషాలకొకసారి అయితే 4,096. పితికేటప్పుడే వెయ్యి పడితే సంగతేమిటో మీరే లెక్క వేసుకోండి. కొత్తగా పితికిన పాలకు మొదటి రెండు, మూడు గంటలు కాస్త సొంత రక్షణ ఉంటుంది. అందులోని కొన్ని ప్రోటీన్లు సూక్ష్మజీవులను అదుపు చేస్తాయి. ఆ గడువులో చల్లబరిచినవాడే గెలుస్తాడు.

చల్లదనానికి సూక్ష్మజీవి చావదు. ఎంజైములు మందగిస్తాయి, పొర బిగుసుకుంటుంది, అంతే. 4 డిగ్రీలకు దింపే పెద్ద తొట్లు కేంద్రాల్లో ఉంటాయి. అక్కడికి చేరేదాకా మీరు చెయ్యగలిగింది ఉంది. క్యానును ఎండలో, రోడ్డు పక్కన నిలబెట్టకండి. చెట్టు నీడన బావినీళ్ళ తొట్టిలో క్యాను మెడ దాకా ముంచి ఉంచండి. తొట్టి లేకపోతే తడి గోనెపట్టా చుట్టి గాలి తగిలేచోట పెట్టి, పట్టా ఆరకుండా చూడండి. సాయంత్రం పాలనూ పొద్దుటి పాలనూ ఒకే క్యానులో కలపకండి. కలిపితే రాత్రంతా పెరిగిన సంతతిని కొత్త పాలలో నాటినట్టే.

పొదుగు కడిగిన తర్వాత పొడిగుడ్డతో తుడవాలి. ఈ మాట ఎన్నిసార్లు చెప్పినా తక్కువే. తడి పొదుగు నుంచి చేతివేళ్ళ మీదుగా కారే మురికినీటి చుక్కలే క్యానులో పడే మొదటి విత్తనం. మొదటి రెండు ధారలు వేరే గిన్నెలో పిండి చూసి పారబొయ్యండి. అందులో పలుకులు, జిగురు కనిపిస్తే పొదుగువాపు మొదలైనట్టే. ఆ ఆవు పాలు విడిగా ఉంచాలి. పాత్రలు కడిగి, మరుగునీళ్ళు పోసి, ఎండలో బోర్లించి ఆరబెట్టాలి. కడిగి మూత పెట్టిన తడి క్యాను రాత్రికి రాత్రే సూక్ష్మజీవుల నారుమడి అవుతుంది.

పరీక్షకూ లోపాలున్నాయి

నీలిరంగు పరీక్షను గుడ్డిగా నమ్మనక్కర్లేదు. తొట్టిలో చాలాసేపు చల్లగా ఉన్న పాలకు ఇది అంతగా పనికిరాదు. చలికి అలవాటుపడ్డ సూక్ష్మజీవులు 37 డిగ్రీల దగ్గర సరిగా పనిచెయ్యవు. కాబట్టి రంగు చాలాసేపు నిలిచి మంచి పాలలాగే కనిపిస్తుంది. పొదుగువాపు పాలలో ఆవు తెల్లకణాలు కూడా రంగును పోగొడతాయి. రైతుల దగ్గర్నుంచి అప్పుడే వచ్చిన, ఇంకా చల్లబరచని పాలకే ఇది సరైన కొలత.

పులుపు దాచడానికి కొందరు పాలలో వంటసోడా కలుపుతారు. 2006 నాటి ఆహార భద్రత చట్టం కింద ఇది నేరం. సోడా పులుపును దాచగలదు గానీ సూక్ష్మజీవిని చంపదు. వాటి మోటార్లు ఆడుతూనే ఉంటాయి, రంగు ఎప్పటిలాగే పోతుంది. పులుపు పరీక్షకు దొరకని పాలు రంగు పరీక్షకు దొరుకుతాయి.

దీనికి తలకిందుల సంగతి యాంటీబయాటిక్ పాలది. పొదుగువాపుకు సూది వేయించిన ఆవు పాలు రెండు రోజులకే కేంద్రంలో పోస్తే రంగు గంటల తరబడి నిలవచ్చు. చాలా మంచి పాలని అంకె పడవచ్చు. అసలు సంగతేమిటంటే ఆ మందు పాలలోకి దిగి సూక్ష్మజీవులను అణచింది. ఆ పాలకు తోడు వేస్తే పెరుగు తోడుకోదు. తాగిన పిల్లలకు ఆ మందు చేరుతుంది, మందుకు లొంగని సూక్ష్మజీవులు పెరుగుతాయి. సూది మందు అట్ట మీద ఎన్ని రోజుల పాలు వాడకూడదని రాసి ఉందో పశువైద్యుణ్ణి అడిగి అన్ని రోజులూ ఆపండి. ఆ పాలు దూడకు తాపడం కూడా మంచిది కాదు.

చాలాచోట్ల ధర కట్టేది వెన్నశాతం, ఎస్.ఎన్.ఎఫ్. చూసే. శుభ్రంగా పితికి, చల్లగా తెచ్చినవాడికీ, నిర్లక్ష్యంగా తెచ్చినవాడికీ ఒకే రేటు. ఇది సరైన పద్ధతి కాదు. కేంద్రంలో వారానికొక రోజైనా ప్రతి రైతు పాలకూ విడివిడిగా గొట్టం పెట్టి, పోసినవాళ్ళు చూస్తుండగా గంటలు రాసి పలక మీద వేస్తే తగవులు సగం తగ్గుతాయి. గొట్టాలూ, రంగూ కలిపి అయ్యే ఖర్చు తిరిగొచ్చిన ఒక్క క్యాను ఖరీదు ముందు ఏపాటిది? సంఘం కార్యదర్శిని మీరే అడగండి. గొట్టాలు పెట్టేరోజు పొద్దున్నే పొయ్యి మీద నీళ్ళు మరిగించి ఉంచుకోవాలి. ప్రతి గొట్టమూ, మూతా అందులో ఉడకాలి. పోల్చి చూసుకోవడానికి, పాలూ రంగూ కలిపి మరుగునీళ్ళలో మూడు నిమిషాలు ఉంచిన గొట్టం ఒకటి వరుసలో చివర పెట్టాలి. కాగిన పాలలో ఊపిరి పీల్చే జీవి లేదు కాబట్టి ఆ గొట్టం సాయంత్రం దాకా నీలంగానే ఉంటుంది. పరీక్ష అయ్యాక రంగు కలిపిన పాలు దూడకు, కుక్కకు వెయ్యకుండా గుంటలో పారబొయ్యండి.